మాస్టారి పేరు మీద వేసిన డబ్బు

విశాఖపట్నంలోని మిసెస్ ఏవీఎన్ కళాశాలలో 1935 ప్రాంతంలో ఇంటర్మీడియట్ చదివిన ఒక కుర్రవాడి సంగతితో మొదలుపెడతాను. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. పదిమంది సంతానంలో ఇతడు ఎనిమిదోవాడు. దేవకికి ఎనిమిదో కాన్పున పుట్టిన కృష్ణుణ్ణి తలుచుకుని రాధాకృష్ణ అని పేరు పెట్టారు. తండ్రి బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామ బళ్లలో చదివాడు. చివరికి కుటుంబం విశాఖలో స్థిరపడింది. తల్లి లక్ష్మీకాంతమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేపి, నూనె దీపం వెలిగించి, పుస్తకాల ముందు కూర్చోబెట్టేది. ఆ దీపాన్ని ఆయన మరిచిపోలేదు. ఎన్నో ఏళ్ల తరవాత గణాంకశాస్త్రం మీద సామాన్యుల కోసం రాసిన పుస్తకాన్ని తల్లికి అంకితమిస్తూ ఆ సంగతి రాసుకున్నారు.

ఆ కుర్రవాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ప్రపంచం సి.ఆర్. రావు అని పిలుచుకున్న గణాంక శాస్త్రవేత్త. ఇంటర్మీడియట్ రోజుల్లో ఆయనకు ‘చంద్రశేఖర అయ్యర్ స్కాలర్‌షిప్’ వచ్చింది.

ఆయన జీవిత విశేషాలు రాసినవాళ్లు ఈ స్కాలర్‌షిప్‌కు ఒక్క వాక్యం కేటాయించి ముందుకు వెళ్లిపోతారు. కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గర పరిశోధన, పద్మవిభూషణ్ వంటి పెద్ద మాటలు ముందుంటే ఇంటర్మీడియట్ స్కాలర్‌షిప్ దగ్గర ఆగేదెవరు? నేను ఆగాను. ఎవరీ చంద్రశేఖర అయ్యర్? ఆయన పేరిట విశాఖ కుర్రవాడికి డబ్బు ఎందుకు అందింది?

చంద్రశేఖర అయ్యర్ ఉపాధ్యాయుడు. 1888లో కొడుకు పుట్టేనాటికి తిరుచిరాపల్లి బడిలో నెలకు పది రూపాయల జీతానికి పాఠాలు చెప్పేవారు. 1892లో విశాఖపట్నం వచ్చి ఏవీఎన్ కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం బోధించారు. లెక్కలతోపాటు వయొలిన్ అన్నా ప్రాణం. తిరుచిరాపల్లిలో పుట్టిన ఆ కొడుకు విశాఖ బళ్లోనే పదకొండో ఏట మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. తరవాత వయొలిన్ తీగ ఎలా కంపిస్తుంది, మృదంగం ఎందుకు అంత ఇంపుగా పలుకుతుంది అన్న విషయాల మీద పరిశోధనలు చేశాడు. ఆయనే చంద్రశేఖర వెంకట రామన్. 1930లో నోబెల్ బహుమతి అందుకున్న సర్ సి.వి. రామన్. ఇంటిపేరు స్థానంలో తండ్రి పేరు పెట్టుకోవడం తమిళుల ఆచారం కాబట్టి, రామన్ పేరులో ‘సి’ అన్న అక్షరం ఉన్నన్నాళ్లూ ఆ మాస్టారు అందులో ఉన్నట్టే. మనవడికీ తాతగారి పేరే పెట్టారు. ఆ మనవడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కు 1983లో నోబెల్ వచ్చింది.

కొడుకు, మనవడు ఆ పేరును ఖండాంతరాలు దాటించారు. వాళ్లు రక్తసంబంధీకులు. రాధాకృష్ణారావుకు మాత్రం అయ్యర్ గారితో ఏ బంధుత్వమూ లేదు. అయ్యర్ గారు ఏవీఎన్‌లో పాఠం చెప్పిన కాలానికి ఈయనింకా పుట్టనే లేదు. ముఖం చూడని శిష్యుడికి మాస్టారు చేసిన సాయం అది. స్మారక ఉపకార వేతనం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పే మొదటి ఉదాహరణ ఇదే.

ఇక ఈ ఏర్పాటు ఎలా నడుస్తుందో నెమ్మదిగా చూద్దాం. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా దీన్ని ‘ఎవరో డబ్బిస్తారు, ఎవరికో ఇస్తారు’ అన్నంతవరకే ఎరుగుదురు.

మన ఊళ్లలో చదువుకు సాయం చేసే పద్ధతి కొత్తది కాదు. వారాలు చేసుకుని చదివిన తరం మొన్నమొన్నటిదాకా ఉంది. సోమవారం ఒకరింట్లో, మంగళవారం మరొకరింట్లో భోజనం చేస్తూ, ఏడిళ్ల అన్నంతో పట్టా పుచ్చుకున్నవాళ్లు ఎందరో. వారం ఇచ్చిన ఇల్లాలు కన్నుమూస్తే, ఆ ఇల్లు ఊరు మారితే ఆ పూట అన్నం పోయేది. సాయం మనిషి ఆయుష్షును బట్టి ఉండేది. ధర్మనిధి సరిగ్గా ఈ ఇబ్బందిని దాటడానికి కనిపెట్టిన ఉపాయం. మనిషి చేతిలోని సాయాన్ని సంస్థ చేతిలో పెడతారు. అసలు సొమ్మును ముట్టుకోరు, దాని మీద వచ్చే రాబడితోనే ఏటేటా సాయం అందిస్తారు. ఇచ్చినవాడు పోయినా సాయం ఆగదు.

ఉపకార వేతనాలకు పేర్లు రెండు రకాలుగా వస్తాయి. దాత తన పేరే పెట్టుకోవడం ఒకటి. బొంబాయి వ్యాపారి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ 1866లో కలకత్తా విశ్వవిద్యాలయానికి రెండు లక్షల రూపాయలు ఇచ్చారు. ఆ డబ్బుతో ఏర్పడ్డ స్టూడెంట్‌షిప్‌కు ఆయన పేరే ఉంది. అశుతోష్ ముఖర్జీ అంతటివారు దాన్ని గెలుచుకున్నారు. రోడ్స్ స్కాలర్‌షిప్‌కూ పేరు డబ్బిచ్చినాయనదే. మన కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కూడా ఈ కోవలోదే. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లడానికి అండగా నిలిచినవాటిలో ఆ సంస్థ ఒకటి.

రెండో రకంలో, పేరున్న మనిషి పైసా ఇచ్చి ఉండడు. ఇవ్వడానికి ఆయన దగ్గర ఉండి ఉండదు కూడా. మాస్టార్లు మిగుల్చుకునేది తక్కువ. కొడుకులో, శిష్యులో, తోటి అధ్యాపకులో కూడబెట్టిన డబ్బును ఆయన పేరు మీద వేస్తారు. చంద్రశేఖర అయ్యర్ స్కాలర్‌షిప్ ఈ రకం. నాకు ఈ రెండో రకం మీద మమకారం ఎక్కువ. మొదటి రకంలో పేరు దాత డబ్బును చూపిస్తుంది. రెండో రకంలో ఆ పేరుగల మనిషి పాఠం చెప్పాడని చూపిస్తుంది.

పోయిన ఆచార్యుడి పేరు నిలపడానికి విశ్వవిద్యాలయాల్లో మరికొన్ని దారులూ ఉన్నాయి. స్నాతకోత్సవంలో ఇచ్చే బంగారు పతకం, ఏటా జరిగే ధర్మనిధి ఉపన్యాసం, పరిశోధకులకు ఫెలోషిప్, అన్నిటికన్నా ఖరీదైన ఆచార్య పీఠం. పతకం బీరువాలోకి చేరుతుంది, ఉపన్యాసం సాయంత్రానికి ముగుస్తుంది. ఉపకార వేతనం మెస్సు బిల్లు కడుతుంది. ఏది ఎంచుకోవాలని శిష్యులెవరైనా నన్ను అడిగితే నేను తడుముకోకుండా చెప్పే జవాబు ఉపకార వేతనమే.

ఇప్పుడు లెక్క. సి.ఆర్. రావు ప్రస్తావన తెచ్చాక లెక్కను దాటవేయడం మర్యాద కాదు.

ఒక మాస్టారి శిష్యులు అయిదు లక్షల రూపాయలు పోగుచేసి విశ్వవిద్యాలయానికి ఇచ్చారనుకుందాం. మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఇలాంటి నిధిని చాలావరకు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తాయి. ఏడు శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 35,000 రూపాయలు వస్తుంది. బాగుంది, ఒక విద్యార్థికి ఏటా 35,000 ఇద్దామని తీర్మానం రాసేస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ధరలు ఏటా అయిదు శాతం పెరిగితే దాదాపు పద్నాలుగేళ్లలో అన్నీ రెట్టింపవుతాయి. ఇరవై ఏళ్లు గడిచాక కూడా విద్యార్థి చేతికి 35,000 రూపాయలే వస్తుంది. కానీ దానితో కొనగలిగేది ఈనాటి పదమూడు వేలతో కొనగలిగేంతే. కాగితం మీద అంకె మారలేదు, అన్నం పళ్లెం మూడోవంతుకు చేరువైంది.

ఇది ఎవరో దొంగిలించిన డబ్బు కాదు. లెక్కలన్నీ సరిగ్గా ఉంటాయి, ఆడిటర్ సంతకం ఉంటుంది. అయినా మాస్టారి పేరు ఏడాదికేడాది చిన్నదవుతూ ఉంటుంది. ముప్ఫై, నలభై ఏళ్ల కిందట పెట్టిన నిధుల్లో కొన్ని ఇప్పుడు ఇచ్చే మొత్తంతో ఒక పాఠ్యపుస్తకం కూడా రాదు. ఆనాడు అది నెలల తరబడి హాస్టల్ ఖర్చు. ఇచ్చినవాళ్లు గొప్ప మనసుతోనే ఇచ్చారు, తీసుకున్నవాళ్లు నిజాయితీగానే నడిపారు. అయినా ఫలితం ఇలా తయారైంది. ఈ విషయం గురించి రాయాలని నాకు అనిపించడానికి అసలు కారణం ఇదే.

మరి ఉపాయం? వచ్చిన వడ్డీ అంతా ఖర్చు పెట్టకుండా కొంత అసలులో కలపడం. అదే అయిదు లక్షల మీద వచ్చిన 35,000లో 20,000 మాత్రమే విద్యార్థికి ఇచ్చి, 15,000 అసలులో కలిపారనుకోండి. అంటే నిధిలో నాలుగు శాతం ఖర్చు, మూడు శాతం పెరుగుదల. ఇరవై ఏళ్లకు అసలు తొమ్మిది లక్షలు దాటుతుంది. అప్పుడు నాలుగు శాతం అంటే 36,000 పైచిలుకు. మొదటి పద్ధతిలో ఇచ్చే 35,000ను ఇది అక్కడ దాటుతుంది. ఇక ఆ తరవాత వెనక్కి చూడదు. నలభయ్యో ఏటికి అసలు పదహారు లక్షలు, ఇచ్చేది 65,000. మొదటి పద్ధతిలో నలభయ్యో ఏట కూడా 35,000 దగ్గరే ఆగి ఉంటారు.

పూర్తి నిజం ఇంకొంచెం కఠినంగా ఉంటుంది. వడ్డీ ఏడు, ధరల పెరుగుదల అయిదు అయినప్పుడు, నిధి కొనుగోలు శక్తి ఏమాత్రం తగ్గకుండా ఖర్చు పెట్టగలిగేది రెండు శాతమే. అంటే అయిదు లక్షల మీద ఏటా పదివేలు. ఈ మాట వినగానే దాతల ముఖాలు చిన్నబోతాయి. కానీ ముందే తెలిస్తే మంచిది కదా. ‘శాశ్వతంగా’ అన్న మాట రాసేముందు ఆ మాట ఖరీదెంతో తెలియాలి. ఏటా 35,000 రూపాయల విలువ తరగకుండా ఇవ్వాలంటే ఈ లెక్కన పదిహేడున్నర లక్షలు కావాలి. అంత పోగుకాకపోతే మరో దారి ఉంది. శాశ్వతం అన్న పట్టుదల విడిచి, ఇరవై ఏళ్లలో అసలూ వడ్డీ కలిపి ఖర్చుపెట్టేలా రాసుకోవడం. మాస్టారిని ఎరిగినవాళ్లు బతికుండగానే ఆయన పేరిట ఇరవైమంది పిల్లలు గట్టిగా నిలబడితే అది చిన్న సంగతా? మన దగ్గర ఈ పద్ధతి మీద ఎందుకో చిన్నచూపు ఉంది. నాకైతే అది వందేళ్లపాటు ఏడాదికో పుస్తకం ఇవ్వడం కన్నా మేలనిపిస్తుంది.

అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయాలు నిధి విలువను కొన్నేళ్ల సగటు కట్టి, అందులో నాలుగైదు శాతం ఏటా ఖర్చు చేస్తాయి. డబ్బును షేర్లలో, ఇతర పెట్టుబడుల్లో పెడతాయి కాబట్టి రాబడి ఎక్కువ, ఒడుదొడుకులూ ఎక్కువే. మన రిజిస్ట్రార్లు అంత సాహసం చేయలేరు, చేయమని అడగడం కూడా న్యాయం కాదు. వడ్డీలో కొంత అసలుకు కలపాలన్న ఒక్క నిబంధన మాత్రం ఒప్పందంలో రాయించుకోవచ్చు. దానికి సాహసం అక్కర్లేదు.

డబ్బు తరవాత వచ్చేది షరతులు. ఎవరికివ్వాలి?

ప్రతిభకా, అవసరానికా అన్నది పాత తగాదా. ఫస్టు ర్యాంకు వచ్చినవారికి ఇవ్వాలని రాస్తే పని తేలిక. మార్కుల జాబితా తీస్తే పేరు దొరుకుతుంది, ఎవరూ వేలెత్తి చూపరు. ఆ ఫస్టు ర్యాంకు పిల్లకు ఆ డబ్బు అవసరం లేకపోవచ్చు. నాలుగో ర్యాంకు పిల్లవాడు పరీక్ష ఫీజు కట్టలేక రేపో మాపో మానేస్తూ ఉండవచ్చు. కేవలం అవసరమే చూస్తే, ఆదాయ ధ్రువీకరణ పత్రాల చుట్టూ తిరగగలిగినవాడిదే పైచేయి అవుతుంది. అవసరం ఉన్నవాళ్లను ముందు వడపోసి, వాళ్లలో బాగా చదివేవారిని ఎంచడం మంచిదని నా అభిప్రాయం. ఎంచేవాళ్లకు పని పెరుగుతుంది. మాస్టారి పేరు కోసం ఆ మాత్రం చేయవచ్చు.

మంచి ఉద్దేశంతో రాసినా హాని చేసే షరతు ఒకటుంది. ‘మరే ఉపకార వేతనమూ పొందుతూ ఉండకూడదు’ అన్నది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. మన రెండు రాష్ట్రాల్లో పేద పిల్లలు చాలామందికి ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటో, ఉపకార వేతనమో మంజూరవుతుంది. అందువల్ల ఈ షరతు సరిగ్గా వాళ్లనే గుమ్మం బయట నిలబెడుతుంది. ప్రభుత్వం ఫీజు కడుతుంది. మెస్సు బకాయి, ప్రాజెక్టు పనికి వెళ్లే బస్సు చార్జీలు, పోటీ పరీక్ష దరఖాస్తు రుసుము, పాడైన కళ్లజోడు ఎవరు కట్టాలి? స్మారక నిధి చిన్నదైనా ఈ ఖాళీల్లో పెద్ద పని చేస్తుంది. షరతులు రాసేవాళ్లు హాస్టల్ వార్డెన్‌ను ఒకసారి పిలిచి మాట్లాడితే ఏది తక్కువవుతోందో అరగంటలో తెలిసిపోతుంది.

మరీ బిగించి రాసిన షరతు మరో రకంగా దెబ్బతీస్తుంది. ఫలానా సంవత్సరంలో ఫలానా పేపరులో మొదటి మార్కు వచ్చినవారికి అని రాశారనుకోండి. పాఠ్యప్రణాళిక మారి ఆ పేపరే పోతుంది. సెమిస్టర్ పద్ధతి వచ్చి ఆ పరీక్షే ఉండదు. నిధి బ్యాంకులో పడి ఉంటుంది, ఇవ్వడానికి అర్హులు ఉండరు. పాతకాలపు ధర్మాలకు ఇలాంటి చిక్కు వస్తే దాత ఉద్దేశానికి దగ్గరగా ఉండే మరో ప్రయోజనానికి డబ్బు మళ్లించేందుకు మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కోర్టుకు వీలు కల్పిస్తోంది. కానీ ముప్ఫైవేల రూపాయల కోసం కోర్టు మెట్లెక్కేదెవరు? ‘ఈ కోర్సు లేకపోతే దానికి దగ్గరి కోర్సులో ఇవ్వవచ్చు, ఆ నిర్ణయం శాఖది’ అని మొదట్లోనే ఒక వాక్యం రాసుకుంటే చాలు.

అలాంటి వెసులుబాటు ఉంటే ఏమవుతుందో చూడండి. కేంబ్రిడ్జిలో రాబర్ట్ స్మిత్ అనే ఖగోళశాస్త్ర ఆచార్యుడు ఉండేవారు, ట్రినిటీ కళాశాల అధిపతి కూడా. 1768లో కన్నుమూస్తూ వీలునామాలో 3,500 పౌండ్ల విలువైన కంపెనీ నిధులు విశ్వవిద్యాలయానికి వదిలారు. మొదట్లో గణితంలో మెరికల్లాంటి ఇద్దరు కుర్రవాళ్లకు ఏటా ఇరవైయైదేసి పౌండ్లు ఇచ్చేవారు. చాలాకాలం పరీక్ష పెట్టి ఇచ్చారు. పందొమ్మిదో శతాబ్ది చివర్లో ఆ పద్ధతి మార్చి సొంత పరిశోధన వ్యాసానికి ఇవ్వసాగారు. స్టోక్స్, కెల్విన్, మాక్స్‌వెల్ అందుకున్నది ఈ స్మిత్ బహుమతే, మన జయంత్ నార్లీకర్ అందుకున్నదీ ఇదే. ఇన్ని తరాలు అది బతికి ఉండటానికి పద్ధతి మార్చుకునే వెసులుబాటు ఒక ముఖ్య కారణం.

ఆచార్యుడి పేరు మీద విదేశంలో వెలసిన ఉపకార వేతనాల్లో మనకు దగ్గరిది సర్వేపల్లి రాధాకృష్ణన్‌ది. నెల్లూరు జిల్లా సర్వేపల్లి ఆ ఇంటి పూర్వీకుల ఊరు. ఆయన 1888లో తిరుత్తణిలో పుట్టారు. ఆయన చదువంతా ఉపకార వేతనాల మీదే నడిచింది. తత్త్వశాస్త్రం ఎంచుకోవడానికి కూడా కారణం డబ్బే. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో పట్టా పుచ్చుకున్న దాయాది ఒకరు తన పాత తత్త్వశాస్త్ర పుస్తకాలు ఇచ్చేయడంతో, కొత్తవి కొనే ఖర్చు తప్పుతుందని ఆ విషయం తీసుకున్నారు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు 1931 నుంచి 1936 దాకా ఉపాధ్యక్షులుగా ఉండి, ఆ తరవాత ఆక్స్‌ఫర్డ్‌లో స్పాల్డింగ్ ఆచార్య పీఠం అధిష్ఠించారు. ఆ పీఠం కూడా స్పాల్డింగ్ దంపతులు పెట్టిన ధర్మనిధి మీద వెలసిందే. 1975లో చనిపోవడానికి కొద్దినెలల ముందు టెంపుల్టన్ బహుమతి వస్తే ఆ సొమ్మంతా ఆక్స్‌ఫర్డ్‌కే ఇచ్చేశారు. 1989లో ఆ విశ్వవిద్యాలయం ఆయన స్మృతిలో రాధాకృష్ణన్ స్కాలర్‌షిప్‌లు నెలకొల్పింది. తరవాత బ్రిటన్ ప్రభుత్వ చీవెనింగ్ పథకం జతపడటంతో రాధాకృష్ణన్ చీవెనింగ్ స్కాలర్‌షిప్‌లు అయ్యాయి. పాత పుస్తకాలు దొరికాయి కాబట్టి తత్త్వశాస్త్రం చదివిన మనిషి పేరు మీద పిల్లలు ఆక్స్‌ఫర్డ్ వెళ్లడం నాకు చాలా సంతోషం కలిగించే సంగతి.

ఇక సమయం. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఇక్కడ మళ్లీ సి.ఆర్. రావు దగ్గరికే వెళ్లాలి.

ఇంటర్మీడియట్ తరవాత ఆయన ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో గణితం చదివి, మొదటి తరగతిలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నారు. గణితంలో పరిశోధన చేయాలని స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టుకున్నారు. దరఖాస్తు ఆలస్యంగా అందిందన్న కారణంతో స్కాలర్‌షిప్ రాలేదు. ఏదో ఒక ఉద్యోగం చూసుకోక తప్పలేదు. సైన్యానికి సంబంధించిన సర్వే విభాగంలో గణితజ్ఞుడి ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు, అదీ దొరకలేదు. బస చేసిన హోటల్లో పరిచయమైన ఒక యువకుడు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నాడు. అతని మాటల్లోనే ఆ సంస్థ గురించి తెలిసింది. 1941 జనవరి 1న రావు అందులో చేరారు. అయిదేళ్లు తిరక్కుండా, 1945లో, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఆయన ప్రచురించిన వ్యాసం ఇవాళ గణాంకశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ పాఠం. క్రామర్-రావు అసమానత, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అందులోవే.

కథ సుఖాంతం కాబట్టి ఆ ఆలస్యాన్ని కూడా మంచికే జరిగిందని చెప్పుకుంటారు. నేను అలా అనుకోలేను. ఆ హోటల్లో ఆ యువకుడు తారసపడకపోతే? గడువు దాటిన దరఖాస్తుల వెనక ఉన్న మిగతా పిల్లలకు అలాంటి హోటళ్లు దొరకవు. విశాఖలో ఒకే పిల్లవాడికి ఒక స్కాలర్‌షిప్ అందింది, ఒకటి అందలేదు. చేతికి అందినది చిన్నదే, ఇంటర్మీడియట్ స్థాయిది. అందనిది పెద్దది.

అందుకే నిధి పెట్టేవాళ్లు తేదీల గురించి కూడా రాయించుకోవాలి. జూన్, జూలైలో కాలేజీ తెరిచేనాటికి కావలసిన డబ్బు వచ్చే మార్చిలో సన్మానసభ పెట్టి ఇస్తే దానితో అప్పు తీర్చుకోవాల్సిందే. ఆ అప్పు దొరకని పిల్ల మార్చి దాకా తరగతిలో ఉండదు. ప్రకటన నోటీసు బోర్డు మీద ఎన్నాళ్లుండాలి, గడువు దాటితే ఎన్ని రోజుల మినహాయింపు, డబ్బు విద్యార్థి ఖాతాలో ఏ తేదీలోగా పడాలి వంటివి వేదిక మీది శాలువాల కన్నా విలువైన వివరాలు.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ పూర్వ విద్యార్థులు తమ మాస్టారి పేరిట ఏదైనా చేద్దామని వాట్సాప్ గ్రూపులో మొదలుపెట్టడం ఈ రోజుల్లో తరచూ చూస్తున్నాం. వాళ్లకు ఒక జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. తీసుకునే కళాశాలకో ట్రస్టుకో ఆ చట్టం కింద అనుమతి ఉందా, లేక మినహాయింపు ఉందా అన్నది ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. గ్రూపులో ఇద్దరి పౌరసత్వాలు వేరైతే ఇద్దరి డబ్బూ ఒకే ఖాతాలో కలిపి పంపడం తలనొప్పి. దాతలకు పన్ను మినహాయింపు కావాలంటే తీసుకునే సంస్థకు ఆదాయపు పన్ను శాఖ నుంచి ఆ మేరకు గుర్తింపు ఉండాలి. విద్యార్థికి మాత్రం ఆ దిగులు లేదు. చదువు ఖర్చుల కోసం ఇచ్చే ఉపకార వేతనం మీద ఆదాయపు పన్ను ఉండదు.

డబ్బును విశ్వవిద్యాలయానికి ఇవ్వాలా, శిష్యులే ట్రస్టు పెట్టుకుని నడపాలా? ట్రస్టు మొదటి పదేళ్లు ఎంతో చురుగ్గా ఉంటుంది. తరవాత పెద్దవాళ్లకు ఓపిక తగ్గుతుంది, పిల్లలకు ఆ మాస్టారు ఎవరో తెలియదు. విశ్వవిద్యాలయం నెమ్మదిగా కదులుతుంది, కానీ ఎప్పటికీ ఉంటుంది. నిధి విశ్వవిద్యాలయం దగ్గర ఉంచి, ఎంపిక సంఘంలో శిష్యుల తరఫున ఒకరికి చోటు అడగడం నాకు నచ్చిన ఏర్పాటు. ఏటా నిధి ఎంత, వడ్డీ ఎంత, ఎవరికి ఇచ్చారు అన్న మూడు ముక్కలు రాసి పంపమని అడగవచ్చు. అడిగేవాళ్లున్నంతకాలం ఏ నిధీ మూలన పడదు.

సి.ఆర్. రావు 2023 ఆగస్టులో, నూట మూడో పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు, అమెరికాలోని బఫలోలో కన్నుమూశారు. ఇప్పుడు ఆయన పేరే మరికొందరికి ఆసరా. ఆయన పనిచేసిన పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆయన పేరు, భార్య భార్గవి గారి పేరు కలిపి ఒక బహుమతి ఉంది. యువ గణాంక శాస్త్రవేత్తలకు భారత ప్రభుత్వం ఆయన పేరిట జాతీయ పురస్కారం నెలకొల్పింది. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేరుతో ఒక పరిశోధన సంస్థ నడుస్తోంది.

స్మారక ఉపకార వేతనం అందుకున్న పిల్లలను ఆ పేరు ఎవరిదని అడిగి చూడండి. చాలామంది తెలియదంటారు. తప్పు వాళ్లది కాదు, ఎవరూ చెప్పలేదు. చెక్కుతోపాటు ఒక్క కాగితం ఇస్తే చాలు. చంద్రశేఖర అయ్యర్ గారి గురించి ఆ కాగితం రాయమని నన్ను అడిగితే ఇలా రాస్తాను:

‘ఈయన నెలకు పది రూపాయల జీతంతో బడిపంతులుగా మొదలయ్యారు. 1892లో మన ఊరు వచ్చి మన కళాశాలలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పారు. ఇంట్లో వయొలిన్ వాయించుకునేవారు, వింటూ పెరిగిన కొడుకు ఆ తీగల ధ్వని మీద పరిశోధన చేశాడు. నీకన్నా ముందు ఈ స్కాలర్‌షిప్ అందుకున్నవారిలో ఒక అబ్బాయిని వాళ్లమ్మ రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి దీపం వెలిగించేది.’